వంతు తప్పిన గంట

"కాలు ఊపకు" అంది అత్తగారు, కళ్ళు తెరవకుండానే.

కోడలు కాలు ఆపింది. ఆపిన మరుక్షణం చేతివేళ్ళు కుర్చీ మీద తాళం మొదలుపెట్టాయి. కుదురుగా కూర్చోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. పెళ్ళిపీటల మీద కూడా రెండుసార్లు లేవబోతే పక్కనున్నవాళ్ళు కొంగు పట్టుకు కూర్చోబెట్టారని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అలాంటి మనిషిని ఆసుపత్రి వార్డులో, మంచం పక్కన, చేతులు ముడుచుకుని కూర్చోమంటే ఎలా ఉంటుంది? ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. కొడుకు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు, రేపుగాని రాడు. ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. "నువ్వు నా దగ్గరే ఉండాలి. కింద నీ కంప్యూటర్ల దగ్గరికి పోయావంటే నేను కట్టు విప్పుకుని ఇంటికి నడిచి పోతా." ఎందుకంటే కోడలు పనిచేసేది ఆ ఆసుపత్రిలోనే. వార్డు కింద మెట్లు దిగితే చల్లగా, ఎప్పుడూ రొద పెడుతూ ఉండే గది ఒకటుంది. అందులోని సర్వర్లనే యంత్రాలన్నిటి మంచిచెడ్డలు ఆమె చూస్తుంది. అక్కడ అందరూ ఆమెని సర్వరమ్మ అంటారు. ఆ సర్వరమ్మ సెలవు పెట్టి, మాటిచ్చి, ఇదిగో ఇలా కూర్చుంది.

ఇక అత్తగారి సంగతి. ఆవిడకి నచ్చనివి ఈ వార్డులో చాలా ఉన్నాయి. దిండు ఎత్తు. ఫ్యాను కిర్రుమంటుంది. టీ నీళ్ళలా ఉంది. గోడ రంగు చూస్తే కడుపులో తిప్పుతుంది. ఇవన్నీ ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పింది గాని, ఆ మామూలు గొంతు వీధి చివరికి వినపడుతుంది. నర్సులు మొదట పరుగెత్తుకొచ్చారు, తర్వాత నడిచొచ్చారు, ఆ తర్వాత "వస్తున్నామమ్మా" అని ఉన్నచోటి నుంచే అన్నారు. "నాన్నా పులి" కథ ఎవరికి తెలియదు?

కాబట్టి పొద్దున్నే ఆవిడ "గంట నొక్కితే ఎవరూ రావట్లేదు" అన్నప్పుడు, అది కూడా దిండు, ఫ్యాను, టీల వరసలో చేరిపోయింది.

"గంట మోగలేదండీ" అంది నర్సు.

"మోగలేదా? నొక్కి నొక్కి నా వేలు అరిగిపోయింది! ఆ ఎదుటి మంచం ఆవిడ నొక్కితే మాత్రం ఎగిరొచ్చి వాలతారు."

ఎదుటి మంచం ఆవిడ రిటైరయిన టీచరు. తుంటి ఎముక విరిగింది. బతుకంతా బడిగంటతో గడిపిందేమో, బొత్తాం చేతిలోంచి దించదు. దుప్పటి సర్దమని ఒకసారి, కిటికీ వెయ్యమని ఒకసారి, తియ్యమని ఇంకోసారి. "మీకంటే నేను ముందు నొక్కానండీ, అంతే" అంటుంది మర్యాదగా. ఆ మర్యాద చూస్తే అత్తగారికి ఒళ్ళు మండుతుంది.

"వస్తార్లెండి అత్తయ్యా, పనిలో ఉంటారు" అంది కోడలు. నిజం చెప్పాలంటే ఆమె కూడా నమ్మలేదు.

మధ్యాహ్నం మోకాలికి పెట్టే ఐసు సంచి కరిగిపోయింది. ఇంకోటి అడగడానికి లేచి, లేవడానికి వంక దొరికినందుకు లోలోపల సంతోషిస్తూ, కోడలు నర్సుల బల్ల దగ్గరికి నడిచింది. బల్ల మీద తెర ఉంది. ఏ మంచం వాళ్ళు గంట నొక్కారో అందులో కనపడుతుంది. ఒక్కో మంచానికి ఒక్కో గడి. నొక్కితే గడి ఎర్రబడి మోగుతుంది, నర్సు వెళ్ళి చూసి ఆపుతుంది.

గడుల మూలలు గుండ్రంగా ఉన్నాయి.

కోడలు ఐసు సంచి సంగతి మరిచిపోయింది. గడులు నలుచదరంగా ఉండాలి. మూలలు గుండ్రంగా ఉండేది కొత్త వెర్షన్. అది కింద ప్రాక్టీసు యంత్రంలో మాత్రమే ఉండాలి. ఆ యంత్రానికి ఏ మంచమూ తగిలించి లేదు, ఏ రోగీ దాన్ని నమ్ముకుని లేడు. కొత్త వెర్షన్లో ఉన్న జబ్బేమిటో కూడా ఆమెకి బాగా తెలుసు, పోయిన వారం కనిపెట్టింది ఆమే. ఒక మంచం గంట మోగుతుండగా ఇంకో మంచం నుంచి నొక్కితే, మొదటిదాన్ని ఆపేదాకా రెండోది తెర మీదకే రాదు. క్యూలో నిలబడినట్టు నిలబడిపోతుంది. తయారుచేసినవాళ్ళకి ఉత్తరం రాసి, సరిచేసి పంపేదాకా దీన్ని మంచాల దగ్గరికి రానివ్వకూడదని గట్టిగా చెప్పి మరీ సెలవు పెట్టింది.

అంటే అత్తగారి గంట నిజంగానే మోగలేదు. టీచరమ్మ గంట వెనకాల నిలబడింది, ఆవిడ బొత్తాం వదిలితేగా దీని వంతు వచ్చేది.

ఇదెలా జరిగింది? జరగకూడదనే కదా తను అంత ఏర్పాటు చేసింది!

ఆ ఏర్పాటేమిటో అత్తగారికి కూడా తెలుసు. రెండేళ్ళ కింద ఒక సాయంత్రం "పొద్దస్తమానం అక్కడ ఏం వెలగబెడతావు?" అని ఆవిడ అడిగితే కోడలు విడమరిచి చెప్పింది. ఆసుపత్రి యంత్రాలన్నిటికీ కావలసిన ప్రోగ్రాములు ఒక గిడ్డంగిలో ఉంటాయి. రిపో అంటారు. ఆ గిడ్డంగికి దారి చెప్పే చిన్న ఫైలు ప్రతి యంత్రంలోనూ ఉండాలి. మునుపు ఒక్కో యంత్రానికి ఒక్కో రకం ఫైలు రాసేవాళ్ళు, ఎక్కడో ఒకచోట తప్పు దొర్లేది. కోడలు దాన్ని మార్చేసింది. అన్నిటికీ ఒకటే ఫైలు. దారిలో ఒకచోట మాత్రం డాలరు గుర్తు పెట్టి 'వంతు' అని రాసింది. అది వేరియబుల్. ఏ యంత్రం చదివితే ఆ యంత్రం తన వంతు ఏమిటో చూసుకుని ఆ ఖాళీ నింపుకుంటుంది. చూసుకునేది ఎక్కడంటే, ఇంకో మూల 'వంతు' అనే పేరుతో ఒక బుల్లి ఫైలు ఉంటుంది, దాంట్లో ఒకే ఒక్క మాట. 'ముందు' అని ఉంటే కొత్త సరుకు ముందుగా రుచి చూసే ప్రాక్టీసు యంత్రం. 'వెనుక' అని ఉంటే, వాళ్ళు తిని బాగుందన్నాక తినే యంత్రం.

"ఎలాగంటే అత్తయ్యా, 'మీ నాన్నకి చెప్పు' అని వీధిలో పిల్లలందరికీ ఒకే చీటీ ఇచ్చామనుకోండి. మాట ఒకటే. కానీ ఏ ఇంటి పిల్ల ఆ ఇంటి నాన్న దగ్గరికే వెళ్తుంది కదా!"

అత్తగారు చాట పక్కన పెట్టి ఆలోచించింది. "మరి పిల్లని వేరే ఇంట్లో పెంచితేనో?" అంది.

"అదెందుకు జరుగుతుందిలెండి" అని నవ్వేసింది కోడలు.

ఇప్పుడు నవ్వు రాలేదు. ఐసు సంచి లేకుండానే మంచం దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడింది, కిటికీ దాకా వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

"ఏమిటా కాలు కాలిన పిల్లి తిరుగుడు? కూర్చో."

"అత్తయ్యా, నేను ఒక్కసారి కిందికి వెళ్ళాలి."

"అదిగో! నాకు తెలుసు. మాటిచ్చావు."

"ఇచ్చాను. కానీ మీ గంట నిజంగానే మోగలేదు అత్తయ్యా. పొద్దుట్నించీ మీరు చెప్పిందే నిజం."

డెబ్బయ్యేళ్ళ జీవితంలో ఫిర్యాదు చేసిన వెంటనే ఎవరైనా ఒప్పుకోవడం అత్తగారికి కొత్త. ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలా!" అని ఎదుటి మంచం కేసి చూసి, ఇంకొంచెం గట్టిగా "నేను చెప్పలా!" అంది. అప్పుడు తన షరతు సంగతి కూడా మరిచిపోయి చెయ్యి ఊపింది. "పో, పోయి బాగుచెయ్. తొందరగా రా."

కింద గదిలో ఉన్నది పొడుగు. అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఆమె చేతి కిందే పనిచేస్తాడు గాని కుర్రవాడేం కాదు, ఇద్దరు పిల్లల తండ్రి, గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత ఎత్తు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. "సెలవులో ఉన్నారు కదక్కా?"

"వార్డు గంటల యంత్రంలోకి కొత్త వెర్షన్ వచ్చింది."

"నేనేం ముట్టుకోలేదక్కా!"

ముట్టుకున్నావని ఆమె అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది అతని వాలకం. గబగబా ఆ యంత్రం తెరిచి, రిపో ఫైలు తీసి చూపించాడు. పక్కన ఇంకో వార్డు యంత్రంలోదీ తెరిచాడు. "చూడండి, అక్షరం తేడా లేదు. మీరు రాసిందే. డాలరు, వంతు. అంతా కరెక్టే."

"అంతా శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం" అంది ఆమె. ఫైలు సరిగ్గానే ఉంది. సరిగ్గానే ఉంటుంది, అది అన్నిచోట్లా ఒకటే కాబట్టి. ఆ ఒకేలా ఉండడం చూసుకునే ఇన్నాళ్ళూ తను మురిసిపోయింది. "ఈ యంత్రం పాతదేనా?"

"లేదక్కా. పాతది మీరు సెలవు పెట్టిన రోజే చచ్చిపోయింది. వార్డు ఊరుకుంటుందా? మర్నాటికల్లా కొత్తది నిలబెట్టా." గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

"దేన్నించి నిలబెట్టావు?"

"మొదట్నించీ కడితే ఆలస్యమవుతుందని, ప్రాక్టీసుదాన్ని కాపీ..." అక్కడ ఆగిపోయాడు.

"పేరు మార్చావా?"

"మార్చా."

"చిరునామా?"

"మార్చానక్కా. తాళంచెవులు కూడా మార్చా."

ఆమె కుర్చీ లాక్కోలేదు, నిలబడే కీబోర్డు మీదకి వంగింది. వేరియబుల్స్ ఉండే మూలకి వెళ్ళి 'వంతు' అనే ఫైలు తెరిచింది. తెరంతా ఖాళీ. పైన ఒకే ఒక్క మాట. 'ముందు'.

ఇద్దరూ దాన్ని చూశారు. యంత్రం అబద్ధమాడలేదు. ప్రాక్టీసు ఇంట్లో పుట్టి, వార్డు ఇంటికి వచ్చి, అడిగినవాళ్ళందరికీ పాత ఇంటి నాన్న పేరే చెప్పింది. కొత్త సరుకు రాగానే రుచి చూడ్డానికి అందరికంటే ముందు కంచం పట్టింది. 'పిల్లని వేరే ఇంట్లో పెంచితేనో' అని అత్తగారు అడిగిన మాట కోడలికి గుర్తొచ్చింది.

మాట చెరిపి 'వెనుక' అని రాసింది. యంత్రం దాచుకున్న పాత జ్ఞాపకాలన్నీ తుడిపించి, ఇప్పుడు నీ గిడ్డంగిలో ఏముందో చూసుకోమంది. అది చూసుకుని, చేయాల్సిందేమీ లేదని జవాబిచ్చింది.

"అదేంటి?" అన్నాడు పొడుగు.

"గిడ్డంగిలో ఉన్నది పాతది, దాని దగ్గరున్నది కొత్తది. ముందుకి పొమ్మంటేనే అది తనంతట తాను పోతుంది. వెనక్కి రమ్మని మనం నోరు తెరిచి చెప్పాలి. చెప్పి, యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపాలి. లేచేదాకా గంటలు ఉండవు."

గంటలు ఉండవు అన్న మాట తన నోటితో తనే విని ఆమె ఆగింది. ఇప్పుడున్న గంట సగం మూగది. బాగుచేయాలంటే కాసేపు పూర్తిగా మూగ చేయాలి. ఫోనెత్తి వార్డు పెద్ద సిస్టరుతో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తప్పు మాదేనంది. పెద్ద సిస్టరు తిట్టలేదు. తిట్టడానికి టైము లేని మనిషి ఆమె. "రోగుల్ని చూడ్డానికి వచ్చే వేళే ఇది, దాదాపు ప్రతి మంచం దగ్గరా సొంతమనుషులున్నారు. మంచానికి ఒకరు కదలకుండా ఉండమంటాను. రెండు మంచాల దగ్గరే ఎవరూ లేరు. టీచరుగారి అబ్బాయి మందులకి బయటికెళ్ళాడు. రెండోది మీ అత్తగారు."

ఆ మాటల వెనకాల నుంచి ఇంకో గొంతు వినపడింది. ఫోను అక్కర్లేకుండానే మెట్లమీదుగా కూడా వినపడి ఉండేది. "ఆ ఎదుటావిణ్ణి నేను చూస్తాలే! నన్ను ఆవిడ చూస్తుంది! మీ పని కానివ్వండి!"

కోడలు యంత్రాన్ని వెనక్కి రమ్మంది.

తెర మీద వరసలు కదులుతున్నాయి. కొత్తది తీసేస్తున్నాను, పాతది పెడుతున్నాను, అని యంత్రం తాపీగా చెప్పుకుపోతోంది. పొడుగు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఆమె తలుపు దాకా వెళ్ళింది, వచ్చింది. తెర చూసింది, మళ్ళీ వెళ్ళింది. ఇంతసేపా? ప్రాక్టీసుదానికి ఇంతసేపు పట్టలేదే! ప్రాక్టీసప్పుడు పైన ఎవరూ లేరు కాబట్టి అంతసేపనిపించలేదని ఆమెకీ తెలుసు. తెలిస్తే మాత్రం కాళ్ళు ఊరుకుంటాయా?

అప్పుడు వినపడింది.

"అమ్మాయ్!"

అత్తగారి గొంతు ఆమెకి కొత్త కాదు. కూరలో ఉప్పు తక్కువైనప్పటిది తెలుసు, తలుపు వెయ్యడం మరిచినప్పటిది తెలుసు. ఇది అవేవీ కాదు. "లేవగానే ఫోన్ చెయ్" అని పొడుగుతో అని, మెట్లు ఎక్కిందో ఎగిరిందో తెలియదు.

పైకి వచ్చేసరికి వార్డులోని ఆడవాళ్ళంతా పరుగెడుతున్నారు. ఇద్దరు నర్సులు, పెద్ద సిస్టరు, కిటికీ పక్క మంచం వాళ్ళ కూతురు, నేల తుడిచే ఆవిడ. అమ్మాయ్ అన్నది ఎవరినో ఎవరూ ఆగి అడగలేదు. అందరూ తననే అనుకున్నారు. టీచరమ్మ దిండు మీద ఒక పక్కకి వాలిపోయి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. నోటి నుంచి మాట లేదు, మూలుగు కూడా లేదు. బొత్తాం మాత్రం చేతిలోనే ఉంది. బొటనవేలు దాన్ని నొక్కుతూనే ఉంది, నొక్కుతూనే ఉంది.

పెద్ద సిస్టరు ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టింది, ముక్కుకి ఆక్సిజన్ పెట్టింది, డాక్టరుకి కబురు పెట్టింది. కోడలు గోడకి ఆనుకుని నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడంటే ఎదుటి మంచం మీద ఒక గొంతు కాపలా ఉంది. పొద్దున్నే ఇలా జరిగి ఉంటే? ఇంకెవరి గంటో ముందు మోగుతూ ఉండి, ఈవిడ నొక్కింది దాని వెనకాల నిలబడి ఉంటే? తను ఆ కుర్చీలో కూర్చుని "వస్తార్లెండి" అంటూనే ఉండేది.

టీచరమ్మ పెదాలకి మెల్లగా రంగు వచ్చింది. డాక్టరు వచ్చి, చూసి, ఒక ఇంజెక్షన్ రాసి, గండం గడిచిందన్నాడు. అప్పుడుగాని అత్తగారి వైపు ఎవరూ చూడలేదు. ఆవిడ కట్టుకాలు మంచం మీద, రెండో కాలు నేల మీద, మధ్యలో చువ్వ పట్టుకుని వేలాడుతోంది.

"దిగబోయారా? ఈ కాలితోనా?" అంది కోడలు, ఆవిణ్ణి ఎత్తి పడుకోబెడుతూ.

"మరి నువ్వొచ్చేదాకా చూస్తూ కూర్చోమంటావా?" అంది అత్తగారు. కోడలు ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఫోన్ మోగింది. లేచిందక్కా, అన్నాడు పొడుగు. నర్సుల బల్ల మీద గడులు నలుచదరంగా ఉన్నాయి. పెద్ద సిస్టరు తెర ముందు నిలబడి రెండు మంచాల వాళ్ళనీ ఒకేసారి నొక్కమంది. అత్తగారు బలంగా నొక్కింది. టీచరమ్మ ముక్కుకి గొట్టంతోనే బొటనవేలు కదిపింది. రెండు గడులూ ఎర్రబడ్డాయి, రెండు గంటలూ కలిసి మోగాయి. అత్తగారు ఎదుటి మంచం కేసి చూసి, "ఈసారి మీకంటే నేనే ముందు" అంది. టీచరమ్మ కళ్ళతోనే నవ్వింది.

కాసేపటికి పొడుగు పైకి వచ్చాడు. తలుపు దగ్గర తల వంచి, లోపలికి వచ్చాక కూడా ఎత్తలేదు. "నా వల్లే అక్కా."

"కాపీ చేసింది నువ్వు. ఒక్క మాటని ఎవరూ చూడని మూల పెట్టి, అది మారిందో లేదో అడిగే దిక్కు లేకుండా చేసింది నేను. ఇద్దరం కలిసి తిందాంలే తిట్లు" అంది ఆమె. పొడుగు కిందికి వెళ్ళిపోయాడు.

సాయంత్రపు టీ వచ్చింది. నీళ్ళలానే ఉంది. అత్తగారు తాగింది, ఏమీ అనలేదు. కోడలు కుర్చీలో వెనక్కి వాలింది. అంతా సర్దుకుంది, టీచరమ్మ నిద్రపోతోంది, గంటలు మోగుతున్నాయి. ఇక హాయిగా కూర్చోవచ్చు. కూర్చుంది కూడా.

"కాలు ఊపుతున్నావు" అంది అత్తగారు.

"లేదత్తయ్యా" అంటూ మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇంకా ఏం మిగిలింది?"

"ఏం లేదు."

"నాకు చెప్పు."

కోడలు టీ కప్పులోకి చూసింది. "ఆ ప్రాక్టీసు యంత్రాన్నించి పొడుగు ఒక్క కాపీయే తీశానంటున్నాడు. అతని కంటే ముందు ఉన్నవాళ్ళు ఎన్ని తీశారో, ఏ వార్డులో పెట్టారో ఎవరికీ తెలియదు. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక్కోదాన్నీ తెరిచి ఆ ఒక్క మాట చూడాలి. రేపు చూస్తాలెండి, మీ అబ్బాయి వచ్చాక. మీకు మాటిచ్చాను."

అత్తగారు కప్పు పక్కన పెట్టింది. ఎదుటి మంచం మీద పడుకున్న మనిషిని చూస్తోంది.

"పొద్దున్న నేను నొక్కింది నీళ్ళకి" అంది చివరికి, ఆవిడకి లేని చిన్న గొంతుతో. "నీళ్ళకే. అయినా నొక్కాక ఎవరూ రాకపోతే ఎంత భయమేసిందో తెలుసా? పైగా నేనే అబద్ధమాడుతున్నట్టు అందరూ చూశారు. నువ్వూ చూశావు."

"చూశాను" అంది కోడలు.

"ఇంకే వార్డులోనో ఎవరో నొక్కుతూ ఉంటారు ఇప్పుడు. నాలా అరవలేనివాళ్ళు. లే, పో."

"మరి మీ దగ్గర..."

"నాకేం? పో అంటుంటే!"

కోడలు లేచింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూసింది. అత్తగారు గంట బొత్తాన్ని దిండు పక్కకి తోసేసి, ఎదుటి మంచం మీద చూపు నిలిపి, గొంతు సవరించుకుంటోంది.